మేరీ మాటకు ఒకటే అర్థం

తెలుగువారి నోట సామెతల్లా నిలిచిపోయిన సినిమా పాటలు ఎక్కువేమీ లేవు. ఉన్నవాటిలో ‘ఔనంటే కాదనిలే, కాదంటే ఔననిలే, ఆడువారి మాటలకు అర్థాలె వేరులే’ అన్న పల్లవికి ముందువరుసలోనే చోటు దొరుకుతుంది. ఇల్లాలు కొత్త చీర వద్దంటే నవ్వుతూ ఈ మాటే అంటారు. పెళ్ళిచూపుల తరువాత అమ్మాయి ఈ సంబంధం ఇష్టం లేదని చెప్పినా, సిగ్గుపడుతోందిలే అన్న భావంతో ఇంట్లోని పెద్దవాళ్ళు ఇదే అందుకుంటారు. 2007లో ఒక సినిమాకు ఈ పల్లవే పేరైంది. పింగళి నాగేంద్రరావు రాసిన ఆ పాట 1955 జనవరి 12న విడుదలైన ‘మిస్సమ్మ’లోది. విచిత్రమేమిటంటే, ఆ పాట ఉన్న సినిమాలోని నాయిక మాటకు చాలాసేపు ఒకటే అర్థం ఉంటుంది. ఇష్టం లేనప్పుడు మేరీ ఇష్టం లేదనే చెబుతుంది. కోపం వచ్చినప్పుడు కోపంగానే మాట్లాడుతుంది. వినేవాళ్ళే తమకు తోచిన అర్థాలు తీసుకుంటూ పోతారు. సినిమాలోని హాస్యంలో పెద్ద భాగం పుట్టేది అక్కడే.

డెబ్భై ఏళ్ళుగా ‘మిస్సమ్మ’ను తెలుగువారు ఇష్టపడుతున్నారు. పాటలు బాగుంటాయని, సావిత్రి బాగా చేసిందని, ఎక్కడా రోత లేదని, ఇంటిల్లిపాదీ కూర్చుని చూడవచ్చని అంటారు. అవన్నీ నిజమే. అయినా అంతకంటే గట్టి కారణం ఒకటుంది. ఆడది ఇలా ఉండాలి, మొగుడు ఇలా ఉండాలి, హీరో ఇలా ఉండాలి, విలన్ ఇలా ఉండాలి అని ముందే గీసి పెట్టుకున్న గీతలను ఈ సినిమా ఒక్క ఉపన్యాసం ఇవ్వకుండా, ఒక్క మనిషినీ చిన్నబుచ్చకుండా, నవ్విస్తూనే దాటుతుంది. చివర్లో ఒక గీత దగ్గర మాత్రం ఆగిపోతుంది. ఆ ఆగిపోవడాన్ని కూడా దాచకుండా చెప్పుకున్నప్పుడే ఈ సినిమా మీద ప్రేమ నిజాయితీగా ఉంటుంది.

కథ తెలియని వారి కోసం నాలుగు మాటలు. అప్పాపురం జమీందారు గోపాలం దంపతులకు పెద్ద కూతురు మహాలక్ష్మి చిన్నతనంలోనే తప్పిపోతుంది. ఆ బిడ్డ పేరు మీద ఊళ్ళో ఒక బడి నడుపుతుంటారు. ఉన్న పంతుళ్ళతో బడి సరిగా సాగకపోవడంతో, చదువుకున్న భార్యాభర్తలు టీచర్లుగా కావాలని పత్రికలో ప్రకటన వేస్తారు. ఎం.టి. రావు చదువుకున్న నిరుద్యోగి, హిందువు. మేరీ చదువుకున్న నిరుద్యోగి, రోమన్ కాథలిక్. పెంచిన తండ్రి పాల్, డేవిడ్ అనే వాడికి బాకీపడి ఉంటాడు. ఆ బాకీని అడ్డం పెట్టుకుని మేరీని పెళ్ళాడాలని డేవిడ్ చూస్తుంటాడు. అప్పు తీరాలంటే ఉద్యోగం కావాలి, ఉద్యోగం రావాలంటే మొగుడు కావాలి. రావు, మేరీ ఇద్దరూ మొగుడూ పెళ్ళాలమని చెప్పుకుని అప్పాపురం చేరుకుంటారు. ఇక అక్కడినుంచి జరిగేదంతా ఒక అబద్ధాన్ని కాపాడుకోవడానికి ఇద్దరు నిజాయితీపరులు పడే పాట్లు.

సినిమాలో మొదట బద్దలయ్యే మూస అభిప్రాయం ఆ ప్రకటనలోనే ఉంది. భార్యాభర్తలైతేనే కుదురుగా ఉంటారు, పెళ్ళికాని మనిషి, అందులోనూ పెళ్ళికాని ఆడమనిషి నమ్మదగినది కాదు అన్న ఊహ అది. గోపాలం దుర్మార్గుడు కాదు, మనసున్న మనిషి. అయినా ఆ షరతు పెట్టడానికి ఆయనకు ఒక్క క్షణం కూడా ఆలోచించాల్సిన పని పడలేదు, ఎందుకంటే లోకమంతా అలాగే అనుకుంటోంది. సినిమా ఆ షరతును ఎక్కడా ఖండించదు. దాన్ని అక్షరాలా నెరవేర్చి చూపిస్తుంది. అప్పాపురానికి ఆదర్శ దంపతులు దొరుకుతారు, బడి బాగుపడుతుంది, ఊరు మెచ్చుకుంటుంది. తీరా చూస్తే ఆ ఇద్దరికీ పెళ్ళే కాలేదు. పెళ్ళి అనే ముద్ర లేకపోయినా బాగా పాఠం చెప్పేవాళ్ళు బాగానే చెబుతారని ఏ పాత్రా నోరు విప్పి చెప్పదు. చెప్పాల్సిన అవసరం లేకుండానే ప్రేక్షకుడికి అందుతుంది. హైదరాబాదులో, విజయవాడలో అద్దె ఇళ్ళ గేట్లకు ‘ఓన్లీ ఫ్యామిలీస్’ అన్న అట్టముక్కలు ఇప్పటికీ వేలాడుతూనే ఉన్నాయి. ఉద్యోగం చేసుకునే ఒంటరి అమ్మాయి ఇల్లు వెతుక్కోవడానికి బయలుదేరితే జీతం కంటే ముందు అడిగేది పెళ్ళయిందా అనే. అందుకే 1955 నాటి ఆ ప్రకటన ఇప్పటి ప్రేక్షకుడికి పాత సంగతిలా అనిపించదు.

ఇక మేరీ. తెలుగు సినిమాలో, నాటకంలో, కోపిష్టి ఆడదానికి ఒక సిద్ధమైన పేరుంది, గయ్యాళి. ఆ పేరు పెట్టగానే ఆమె కోపానికి కారణం వెతకాల్సిన బాధ్యత ఎవరికీ ఉండదు. కథ చివరికి ఎవరో ఒకరు ఆమె పొగరు అణచాలి, ఆమె కళ్ళు తెరుచుకోవాలి, ప్రేక్షకులు చప్పట్లు కొట్టాలి. మేరీ కోపాన్ని ‘మిస్సమ్మ’ ఆ దారిలో నడపదు. ఆమె ఎందుకు చిరాకు పడుతోందో ప్రతిసారీ ప్రేక్షకుడికి తెలుస్తూనే ఉంటుంది. అప్పు మెడ మీద ఉంది. ఇష్టం లేనివాడు వెంటపడుతున్నాడు. ముక్కూమొహం తెలియని ఒక యువకుడితో ఒకే ఇంట్లో ఉండాల్సి వచ్చింది. బొట్టు, పేరంటం, నోములు ఆమె పెరిగిన ఇంటి ఆచారాలు కావు. ఆ పైన ఊరిపెద్ద ఇంట్లోవాళ్ళు ఆమె మీద చూపే ప్రేమకు అంతులేదు, ఆ ప్రేమ చివరికి సీమంతం పాట దాకా వెళుతుంది. లేని కాపురానికి, లేని కడుపుకు జరిగే ఆ వేడుకలో చిక్కుకున్న ఆడపిల్లకు కోపం రాకపోతే అప్పుడు ఆశ్చర్యపోవాలి. ప్రేక్షకులు ఆమె అవస్థను చూసి నవ్వుతారు, అయితే ఆ నవ్వులో ఆమె మీద చులకన ఉండదు. కోపానికి కారణం ఉన్న మనిషిగా ఆమెను చూపించడం ఈనాటికీ మామూలు విషయమేమీ కాదు.

సావిత్రి నటనలో గమనించాల్సింది ఈ తేడానే. మేరీ విసుక్కున్నప్పుడు ఆమె గొంతు పెంచి రంకెలు వేయదు. మాటను తుంచి వదిలేస్తుంది. మూతి ముడుచుకోవడం, తల చటుక్కున తిప్పుకోవడం, ఎదుటివాడు ఇంకా ఏదో చెబుతుండగానే అక్కడినుంచి కదిలిపోవడం, వీటితోనే కోపమంతా పలికిస్తుంది. గోపాలం భార్యగా ఋష్యేంద్రమణి ఆప్యాయంగా దగ్గరికి తీసుకున్నప్పుడు మాత్రం అదే ముఖంలో కాస్త ఇబ్బంది, కాస్త మొహమాటం కనిపిస్తాయి. మోసం చేస్తున్నామన్న బాధ ఉన్న మనిషికి ప్రేమ కూడా బరువే. హాస్యచిత్రంలో ఇంత సన్నని గీత మీద నడవడం తేలిక కాదు. ‘దేవదాసు’లో పార్వతిగా ఏడిపించిన నటి రెండేళ్ళు తిరగకుండానే ఈ పాత్రలో నవ్వించింది.

నిజానికి ఈ పాత్ర మొదట సావిత్రిది కాదు. మేరీగా భానుమతిని తీసుకుని కొంత చిత్రీకరణ కూడా చేశారు. నిర్మాత చక్రపాణికీ ఆమెకూ మధ్య పొరపొచ్చాలు రావడంతో భానుమతి తప్పుకున్నారు. అప్పటివరకు గోపాలం రెండో కూతురు సీత పాత్రకు అనుకున్న సావిత్రి మేరీ అయ్యారు, సీతగా జమున వచ్చారు. సొంత స్టూడియో, సొంత అభిప్రాయాలు, ఎవరికీ తల వంచని తత్వం ఉన్న భానుమతిని మొదట ఊహించుకున్నారంటేనే ఆ పాత్ర ఎలాంటి వెన్నెముకతో పుట్టిందో అర్థమవుతుంది. మనిషి మారినా ఆ వెన్నెముక మారలేదు. సావిత్రి దానికి మరింత చిన్న వయసు, మరింత బెదురు చేర్చారు. ఆ బెదురు వల్లనే మేరీ ధైర్యం ఎక్కువగా కనిపిస్తుంది.

సినిమాలో ఆడామగా వాదం అంతా ఒకే బాణీలో వచ్చే రెండు పాటల్లో ఇమిడిపోయి ఉంది. సాలూరి రాజేశ్వరరావు బాణీలో పి. లీల పాడిన ‘తెలుసుకొనవె చెల్లీ’ మేరీ వాదన. మగవాళ్ళకు ఆడవాళ్ళు దూరంగా మెలగాలని, పని ఉన్నా మనంతట మనం వాళ్ళ దగ్గరికి పోరాదని, వాళ్ళు పది మాటలన్నా ఒక్క మాటకూ బదులు చెప్పకూడదని సీతకు ఆమె నేర్పే పాఠం. అదే బాణీని అందుకుని ఎ.ఎం. రాజా గొంతుతో రావు ‘తెలుసుకొనవె యువతీ’ అని జవాబు చెబుతాడు. యువకులను శాసించడానికే యువతులు అవతరించారని మొదలుపెట్టి, సాధింపులు బెదిరింపులు మాత్రం వాళ్ళకు తగవని, మనసు ఇచ్చి పుచ్చుకునే చదువు నేర్పాలని అంటాడు. పింగళి ఇక్కడ చేసిన పని చాలా సున్నితమైనది. రెండు పాటలూ ఉపదేశాలే, రెండింటిలోనూ అతిశయోక్తి ఉంది. ఆడవాళ్ళకు ఆడవాళ్ళు చెప్పే జాగ్రత్తలు ఎలా ఉంటాయో మొదటి పాటలో, ఆడవాళ్ళకు మగవాళ్ళు చెప్పే హితబోధ ఎలా ఉంటుందో రెండో పాటలో వినిపిస్తాయి. రెండింటికీ బాణీ ఒకటే కావడం వల్ల ఒకరిది పైచేయి కాకుండా ఉంటుంది. తెలుగు సినిమాల్లో వచ్చిన భార్యాభర్తల తగువు పాటల్లో ఇంత సమానంగా తూగినవి బహు తక్కువ.

ఇప్పుడు మొదట చెప్పుకున్న పాట దగ్గరికి మళ్ళీ వెళ్ళవచ్చు. ‘ఔనంటే కాదనిలే’ అన్న మాట రావుది. అది సినిమా మొత్తానికీ సిద్ధాంతం కాదు. రావు, సీత పాఠాల పేరుతో దగ్గరగా మసలుతుంటే మేరీకి అసూయ కలుగుతుంది. తనకేమీ పట్టనట్టు ఉండాలని ఆమె చూస్తుంది, ఉండలేకపోతుంది. అక్కడ మాత్రం ఆమె పైకి అనే మాట వేరు, లోపలి మాట వేరు అన్నది నిజమే. పాట ఆ ఒక్క ఘట్టానికి సరిపోతుంది. కానీ అదే సమయంలో రావు కూడా తన మనసులోని మాట నేరుగా చెప్పడు, మేరీ విషయంలో డేవిడ్‌లా వెంటపడనివాడు గోపాలం మేనల్లుడు రాజును చూసి ఉడుక్కోకుండానూ ఉండడు. మేరీకి శిష్యుడిగా చేరిన రాజు ఒకవైపు, సీతకు గురువుగా మారిన రావు ఒకవైపు, నలుగురి మాటలకూ అర్థాలు వేరుగానే ఉన్నాయి. పల్లవి మాత్రం ఆడవాళ్ళ మీదనే నిలిచిపోయింది. ఇది సినిమా చేసిన పొరపాటు కంటే, సినిమాలోనుంచి ఆ ఒక్క ముక్కనే తెంపుకుని దాచుకున్న లోకం చేసిన పొరపాటు అనాలి. పాటను సామెతగా వాడేవారు ఒకసారి సినిమా మొత్తం చూస్తే, మేరీ డేవిడ్‌కు చెప్పిన ‘కాదు’కు చివరిదాకా ‘కాదు’ అన్నదే అర్థమని గుర్తుకొస్తుంది. డేవిడ్ నవ్వులపాలయ్యేది ఆ ‘కాదు’ను వినిపించుకోనందుకే. రమణారెడ్డి ఆ పాత్రలో ఎంత నవ్వించినా, ఆ మనిషి పట్ల సినిమాకు ఎలాంటి మెతకదనం లేదు.

రావు పాత్ర గురించి కూడా కొంత చెప్పుకోవాలి. ఎన్.టి. రామారావు అప్పటికే ‘పాతాళభైరవి’ తోట రాముడు, కత్తి పట్టిన వీరుడు. ‘మిస్సమ్మ’లో ఆయన చేతికి కత్తి ఉండదు, నోటికి గంభీరమైన డైలాగు ఉండదు. ఉద్యోగం లేని డిగ్రీ ఒకటి ఉంటుంది. కోపిష్టి ఆడమనిషి ఎదురైతే హీరో చేయాల్సిన పని ఆమెను దారికి తేవడం అన్నది అప్పటికీ ఇప్పటికీ నడుస్తున్న రివాజు. రావు ఆ పని పెట్టుకోడు. ఆటపట్టిస్తాడు, కొన్నిసార్లు ఆ ఆటపట్టింపు శ్రుతి మించుతుంది కూడా. అయితే ఒకే ఇంట్లో ఉన్నప్పటికీ ఆమె గీసిన గీత దాటడు, ఉన్న అవకాశాన్ని అలుసుగా తీసుకోడు. మర్యాద అనేది అతడికి ఒక గొప్ప గుణంగా చూపించలేదు, మామూలు మనిషికి ఉండాల్సిన లక్షణంగా చూపించారు. ప్రేక్షకుడు దాన్ని ప్రత్యేకంగా గమనించకుండానే అంగీకరిస్తాడు.

ఈ సినిమా తీసిన విజయా వారు పాత్రలకు నటులను ఎంచుకోవడంలోనే సగం హాస్యం సాధించారు. ఎస్.వి. రంగారావు అంతకు నాలుగేళ్ళ ముందు నేపాళ మాంత్రికుడుగా పిల్లలను జడిపించారు. ఇక్కడ గోపాలంగా, తప్పిపోయిన కూతురిని తలచుకుని కరిగిపోయే మెత్తని తండ్రి. అక్కినేని నాగేశ్వరరావు 1953లో ‘దేవదాసు’ చేశాక విషాదానికి మారుపేరైపోయారు. ఆ ముద్రనుంచి బయటపడాలనే ఉద్దేశంతో, తాను ప్రధాన నాయకుడు కాని ఈ సినిమాలో డిటెక్టివ్ రాజు పాత్రకు ఇష్టపడి ఒప్పుకున్నారు. గోపాలం మేనల్లుడైన ఈ రాజు తనను తాను గొప్ప అపరాధ పరిశోధకుడని అనుకుంటాడు, ప్రతి చిన్నదానికీ అనుమానపడతాడు, అందరూ అతణ్ణి చూసి నవ్వుకుంటారు. తీరా మహాలక్ష్మి ఆచూకీ కనిపెట్టేది అతడే. పెద్ద స్టార్‌గా వెలుగుతున్న నటుడు నవ్వులపాలయ్యే పాత్రను కోరి చేయడం, ఆ నవ్వులపాలైన పాత్రే చివరికి అందరికంటే సరిగ్గా ఆలోచించినవాడని తేలడం, రెండూ కలిసి సినిమా చెప్పదలచుకున్న దాన్ని తెర లోపలా బయటా ఒకేలా చెప్పాయి. ఒక మనిషిని ఒకసారి చూసి వేసుకున్న అంచనా చాలదన్నది ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో ప్రతి పాత్ర విషయంలోనూ రుజువవుతుంది. దేవయ్యగా రేలంగి పాడే ‘ధర్మం చెయ్ బాబు’ విన్నవాళ్ళకు, అడుక్కునేవాడిని కూడా కథలోకి కలుపుకుని తీసుకెళ్ళిన తీరు గుర్తుండే ఉంటుంది.

‘మిస్సమ్మ’ అన్న పేరు కూడా ఊరికే పెట్టింది కాదు. తెలుగుదేశంలో క్రైస్తవ మిషన్లతో వచ్చిన టీచరమ్మలను, డాక్టరమ్మలను జనం మిస్సమ్మ అని పిలిచేవారు. మిషన్ ఆసుపత్రులను మిస్సమ్మ ఆసుపత్రి అని, వాళ్ళుండే ఇళ్ళను మిస్సమ్మ బంగ్లా అని చెప్పుకునే అలవాటు కొన్ని ఊళ్ళలో నేటికీ ఉంది. పెళ్ళికాని స్త్రీని పిలిచే ఇంగ్లీషు మాట ‘మిస్’ అయితే, దానికి తగిలించిన ‘అమ్మ’ తెలుగు గౌరవం. పెళ్ళికాకపోయినా, తల్లి కాకపోయినా, పరాయి మతమైనా, చదువు చెప్పినందుకో వైద్యం చేసినందుకో దక్కిన గౌరవం అది. సినిమా మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది.

ఇక సినిమా ఆగిపోయిన చోటు సంగతి. మేరీయే తప్పిపోయిన మహాలక్ష్మి అని చివరికి పుట్టుమచ్చ ద్వారా, పాల్ చెప్పిన నిజం ద్వారా తేలుతుంది. అంటే ఆమె పుట్టుకతో హిందువు. రావుతో పెళ్ళికి ఇక అడ్డేమీ ఉండదు. సినిమా అంతటా ఇద్దరి మధ్య ఉన్న మతభేదాన్ని అంత చక్కగా, అంత సహజంగా చూపించి, చివరికి ఆ భేదం అసలు లేనే లేదని తేల్చేయడం తప్పించుకోవడమే. ఆ కాలం అలాంటిది అని సర్దిచెప్పడం కూడా కుదరదు. బ్రాహ్మణ యువకుడు, హరిజన యువతి ప్రేమకథను గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’గా 1938లోనే నేరుగా తెరకెక్కించారు. ఇంకో సంగతి ఉంది. ఎవరి మతాన్ని వాళ్ళు వదులుకోకుండానే వేరే మతం వారిని పెళ్ళి చేసుకునే వీలు కల్పించిన ప్రత్యేక వివాహ చట్టం, 1954లో ఆమోదం పొంది, 1955 జనవరి 1న అమలులోకి వచ్చింది. సరిగ్గా పదకొండు రోజుల తరువాత ‘మిస్సమ్మ’ విడుదలైంది. మేరీ మేరీగానే ఉండి రావును పెళ్ళాడడానికి దేశంలో చట్టం అప్పుడే సిద్ధంగా ఉంది, సినిమా మాత్రం సిద్ధంగా లేదు. ‘బృందావనమది అందరిదీ, గోవిందుడు అందరివాడేలే’ అని అంత తియ్యగా పాడించిన సినిమా ముగింపులో అందరివాడైన ఆ దేవుడి మీద భారం వేయలేక పుట్టుమచ్చ మీద వేసింది.

ఈ లోపాన్ని గుర్తించాక కూడా సినిమా మీద ప్రేమ ఎందుకు తగ్గదంటే, ముగింపు మేరీ పుట్టుకను మార్చింది గానీ స్వభావాన్ని మార్చలేదు. ఆమె తన కోపానికి ఎవరికీ క్షమాపణ చెప్పుకోవాల్సిన స్థితికి రాదు. ఆమె పొగరు అణిగిందని సంతోషించే దృశ్యం లేదు. పైగా ప్రేక్షకుడు మేరీని ఇష్టపడింది మహాలక్ష్మి అని తెలిశాక కాదు. అంతకు రెండు గంటల ముందునుంచే, ఆమె వేరే మతం పిల్లే అన్న నమ్మకంతోనే ఇష్టపడ్డాడు. దిక్కు తోచని వేళ ఆమె ‘కరుణించు మేరిమాతా’ అని ప్రార్థించినప్పుడు హాలులో ఉన్న హిందూ ప్రేక్షకులకు ఆ కన్నీళ్ళు పరాయివి కాలేదు. కథ చివర్లో మనసు మార్చుకున్నా, అప్పటికే ఏర్పడిన ఆ ఇష్టాన్ని వెనక్కి తీసుకోలేదు. పాల్ కూడా అంతే. బిడ్డను దాచిన దొంగగా కాకుండా, దిక్కులేని పిల్లను కడుపున పుట్టినదానిలా సాకిన తండ్రిగానే అతడు గుర్తుండిపోతాడు.

ఇదే విజయా సంస్థ నుంచి ఏడేళ్ళ తరువాత వచ్చిన ‘గుండమ్మ కథ’తో పోలిస్తే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. అదీ గొప్ప హాస్యచిత్రమే, అందులోనూ రామారావు, నాగేశ్వరరావు, సావిత్రి, జమున, రంగారావు ఉన్నారు. కానీ అందులో జమున పోషించిన సరోజ పొగరుబోతు పిల్ల. ఆమెకు బుద్ధి చెప్పడమే నాగేశ్వరరావు పాత్ర పని. ఆమె కష్టపడి పనిచేసి, అహంకారం దిగి, మంచి ఇల్లాలయ్యేదాకా కథ వదలదు. సావిత్రి అందులో అన్నీ సహించే లక్ష్మి. ‘గుండమ్మ కథ’ చూసి నవ్వుకున్నవాళ్ళు ఇంటికి వెళ్ళేటప్పుడు పొగరుబోతు ఆడపిల్ల గురించి ముందునుంచీ ఉన్న అభిప్రాయాన్నే వెంట తీసుకువెళతారు. ‘మిస్సమ్మ’ చూసి నవ్వినవాళ్ళకు ఆ అభిప్రాయాన్ని అలాగే తీసుకువెళ్ళడం కాస్త కష్టమవుతుంది. ఒకే సంస్థ, దాదాపు అదే బృందం, ఒకే తీరు హాస్యం. ఎవరిని చూసి నవ్వించారన్న దగ్గరే రెండూ విడిపోయాయి.

ఈ కథకు మూలం రవీంద్రనాథ్ మైత్ర రాసిన బెంగాలీ హాస్యరచన ‘మన్మొయీ గర్ల్స్ స్కూల్’. అక్కడినుంచి చక్రపాణి తెలుగులోకి తెచ్చుకున్నారు. తెలుగుతో పాటే తమిళంలోనూ జెమినీ గణేశన్, సావిత్రి జంటగా తీశారు. 1957లో హిందీలో ‘మిస్ మేరీ’ వచ్చింది. ఎల్.వి. ప్రసాదే దర్శకుడు. హిందీ మేరీ మీనాకుమారి, ఆమె కూడా విషాదానికి పేరుపడిన నటే. డిటెక్టివ్ పాత్ర కిశోర్ కుమార్‌ది. ఇన్ని భాషలకు పయనించడానికి పెద్దగా మార్పులు అవసరపడలేదు. పెళ్ళికాని టీచరమ్మను చూసి అనుమానపడే ఊరు అన్ని భాషల్లోనూ ఉంది.

తేలికపాటి హాస్యచిత్రాన్ని తేలిగ్గా తీసుకునే అలవాటు విమర్శలో ఎప్పటినుంచో ఉంది. కన్నీళ్ళు పెట్టించింది గొప్ప సినిమా, నవ్వించింది కాలక్షేపం అన్న లెక్క అది. ఆ లెక్క ప్రకారం సంస్కరణ గురించి మాట్లాడాలంటే ముఖం గంభీరంగా పెట్టుకోవాలి. కానీ గంభీరమైన సినిమాలో ప్రేక్షకుడు తన పక్షం ముందే ఎంచుకుని కూర్చుంటాడు. మతాంతర వివాహం వద్దనుకునేవాడు, దాని గురించి ఉపన్యాసం మొదలుకాగానే చెవులు మూసుకుంటాడు. ‘మిస్సమ్మ’ ముందు కూర్చున్నప్పుడు అతడికి ఆ అవకాశం ఉండదు. రావుకు మేరీ పెట్టే తిప్పలు చూసి నవ్వుతూ ఉంటాడు, రాజు తెలివితేటలకు నవ్వుతాడు, అల్లు రామలింగయ్య పంతులు వేషం చూసి నవ్వుతాడు. ఎప్పుడో మధ్యలో ఆ ఇద్దరూ నిజంగానే ఒకటైతే బాగుండునని తనకు తెలియకుండానే కోరుకోవడం మొదలుపెడతాడు. అలా కోరుకున్నది కాథలిక్ అమ్మాయికి, హిందూ అబ్బాయికి పెళ్ళి కావాలని. తాను ఏం కోరుకున్నాడో అతడు ఇంటికి వెళ్ళాక ఆలోచించుకోవచ్చు, ఆలోచించుకోకపోవచ్చు. కోరుకోవడం మాత్రం జరిగిపోయింది.

అలా జరిగే చోటు ఏదని వెతికితే చాలామంది ‘రావోయి చందమామ’ అనే చెబుతారు. మార్కస్ బార్ట్లే కెమెరాతో తీసిన వెన్నెల ఆ పాటలో ఎంత చల్లగా ఉంటుందో చెప్పడానికి మాటలు చాలవు, అదీ నలుపు తెలుపుల్లో. లీల, రాజా గొంతులు ఒకరి తరువాత ఒకరివి వినిపిస్తాయి. మేరీ తన కష్టం చెప్పుకుంటుంది, రావు తన కష్టం చెప్పుకుంటాడు. ఇద్దరూ ఒకే బాణీలో, ఒకే ఇంటి దగ్గర, ఒకే రాత్రి పాడుతున్నారు. ఇద్దరి ఫిర్యాదూ పక్కనున్న మనిషి మీదే, వినమని వేడుకునేది మాత్రం ఆకాశంలో ఉన్న చందమామను.